కలల చెట్టు

కుండీల్లో మరుగుజ్జు చెట్లు పెంచేవారు ఇద్దరు కలుసుకుంటే మొదట వచ్చే ప్రశ్న "మీకు ఏ చెట్టంటే ఇష్టం?" అని. కాస్త చనువు పెరిగాక రెండో ప్రశ్న వస్తుంది: "దొరికే వీలుంటే ఏ చెట్టు కావాలని కోరుకుంటారు?" మొదటిదానికి జవాబు సాధారణంగా ఎవరి మేడ మీద వారికే ఉంటుంది. రెండోదానికి జవాబు మాత్రం ఎక్కడో జపాన్‌లో ఉంటుంది. మద్రసాలో పాఠాలు ముగిశాక, అస్ర్ నమాజుకూ మగ్రిబ్ నమాజుకూ నడుమ దొరికే సమయాన్ని ఇరవై ఏళ్లుగా నేను ఈ చెట్లకే కేటాయిస్తున్నాను. ఆ రెండు ప్రశ్నలనూ నేనూ ఎదుర్కొన్నాను. ఇప్పుడు యాభై దాటాక మూడో ప్రశ్న ఒకటి వచ్చి పడింది: నా తరువాత వీటికి నీళ్లు పోసేదెవరు?

ముందు కలల సంగతి చెబుతాను. బోన్సాయ్ ప్రియులు ఆశగా తలచుకునే జాతులు కొన్ని ఉన్నాయి. ఐదేసి సూదుల గుత్తులతో ఉండే తెల్ల పైన్, గరుకు బెరడుతో గంభీరంగా నిలిచే నల్ల పైన్, శరత్కాలంలో ఎర్రబారే మేపుల్, షింపాకు అని పిలిచే జునిపర్. నా మనసును దోచినది ఈ చివరిదే. గాలికీ మంచుకూ మెలితిరిగిన దాని కాండంలో చాలా భాగం ఎండి ఎముకలా తెల్లబారుతుంది. ఆ ఎండుకట్టె పక్కనే సన్నని సజీవమైన బెరడు పాకుతూ వెళ్లి పైనున్న పచ్చదనమంతటినీ పోషిస్తుంటుంది. చావూ బతుకూ ఒకే కాండం మీద పక్కపక్కన కనబడతాయి. షికోకు ద్వీపంలోని ఇషిజుచి పర్వతం ఈ చెట్లకు పేరుపొందింది. ఒకనాడు వీటి కోసం మనుషులు తాళ్లు కట్టుకుని కొండచరియల మీదికి దిగేవారు.

అయితే మన ఎండల్లో ఈ కల నిలవదు. పైన్‌కూ మేపుల్‌కూ ఏటా కొన్ని నెలలు గట్టి చలి కావాలి. ఆ చలిలో అవి నిద్రపోయి, వసంతంలో కొత్త బలంతో మేల్కొంటాయి. మన మైదానాల్లో ఆ నిద్ర వాటికి దక్కదు. నర్సరీలో ముద్దుగా కనబడిన జునిపర్‌ను కొని తెచ్చుకుని, కొన్నాళ్లకు ఎండుపుల్లగా చూసి బాధపడినవారిని నేనెరుగుదును. పైగా జునిపర్ చనిపోయాక కూడా కొన్ని వారాలు పచ్చగానే ఉంటుంది. మనం నీళ్లు పోస్తూనే ఉంటాం, అది ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది.

మన నేల మనకిచ్చినవి వేరు. మర్రి, రావి, జువ్వి, మేడి అన్నీ ఒక కుటుంబం. పాత గోడల పగుళ్లలో, బావి ఒరల మీద, మస్జిదు మినార్ల సందుల్లో ఇవి వాటంతటవే మొలుస్తాయి. వదిలేస్తే గోడను చీలుస్తాయి కనుక ఎలాగూ తీసివేయక తప్పదు. తొలకరిలో వేరు తెగకుండా తీసి కుండీలో పెడితే చాలు, బతుకుతాయి. రావి ఆకు పెద్దది కాబట్టి చిన్న కుండీలో అందం కుదరడం కష్టం. నర్సరీలవారు ఫైకస్ అని అమ్మే చిన్నాకు రకం కొత్తవారికి అనువైనది. కడియం నర్సరీలలో ఇవి విరివిగా దొరుకుతాయి. ఒకరోజు నీళ్లు మరచినా, కొంచెం నీడ పడినా అది సహిస్తుంది.

నాకు అన్నిటికంటె ఇష్టమైనది చింత. గింజ నుంచి పెంచినది, ఇప్పటికి పంతొమ్మిదేళ్లు. ఎత్తు మూరెడే, అయినా బెరడు పగిలి ముసలి చెట్టులా ఉంటుంది. దాని ఆకులు పుట్టుకతోనే చిన్నవి కాబట్టి కుండీలో కూడా మహావృక్షం పోలిక వస్తుంది. మగ్రిబ్ వేళకు ఆకులన్నీ ముడుచుకుంటాయి.

"చెట్టు ఎదగకుండా కట్టివేయడం దానికి అన్యాయం కాదా?" అని విద్యార్థులు అడుగుతుంటారు. మంచి ప్రశ్నే. ఆకలితో మాడ్చి కుదించిన చెట్టు ఎన్నాళ్లో బతకదు. రెండు మూడేళ్లకొకసారి కుండీలోంచి తీసి, వేళ్లను కత్తిరించి, కొత్త మట్టి వేయాలి. కొమ్మను వంచడానికి చుట్టిన తీగను బెరడులో దిగబడకముందే విప్పాలి. వేసవిలో రెండు పూటలా నీళ్లు పోయాలి. ఈ శ్రద్ధ ఉన్నంతకాలం చెట్టు ఆరోగ్యంగా ఉంటుంది. దాని జాతి గుణం కూడా మారదు. మూరెడు చింత కాసినా కాయ మామూలు కాయంతే ఉంటుంది. ఆ గింజను నేలలో నాటితే పెద్ద చింతచెట్టే వస్తుంది.

శ్రద్ధ తరాలు దాటిన ఉదాహరణ వాషింగ్టన్‌లోని జాతీయ బోన్సాయ్ మ్యూజియంలో ఉంది. అక్కడి తెల్ల పైన్ ఒకటి 1625 నుంచి కుండీలో పెరుగుతున్నది. హిరోషిమాకు చెందిన యమాకి కుటుంబం దానిని తరతరాలుగా సాకింది. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడినప్పుడు ఆ ఇల్లు విస్ఫోట కేంద్రానికి సుమారు 3 కిలోమీటర్ల దూరంలో ఉంది. గోడ చాటున ఉన్న చెట్టు బతికింది. 1976లో జపాన్ అమెరికాకు బహూకరించిన 53 చెట్లలో మసారు యమాకి దీనినీ ఇచ్చారు. బాంబు వేసిన దేశానికే ఇచ్చారు. 2001లో ఆయన మనుమలు చూడడానికి వచ్చినప్పుడు గానీ చెట్టు చూసిన ఆ విపత్తు గురించి మ్యూజియంవారికి తెలియలేదు.

అదే మ్యూజియంలో జాన్ నాకా కూర్చిన గోషిన్ అనే వనం ఉంది. పదకొండు జునిపర్లు, ఒక్కొక్కటి ఒక్కో మనుమడి లేక మనుమరాలి పేరున. ఆయన వాటిని విడదీసి పిల్లలకు పంచలేదు. 1984లో మొత్తం వనాన్ని చూసుకోగల చేతుల్లో పెట్టారు.

ఈ రెండు చెట్ల కథలు నా మూడో ప్రశ్నకు దారి చూపాయి. మా అమ్మాయి పెళ్లయి వెళ్లేటప్పుడు, "అబ్బా, ఆ చింతను నాకే ఇవ్వాలి" అని అడిగింది. ఆమె చిన్నప్పటి నుంచీ దానికి నీళ్లు పోసింది. నా మనసూ అటే ఉంది. కానీ వారుండేది అపార్టుమెంటు మూడో అంతస్తు. బాల్కనీలోకి పొద్దున ఒక గంట ఎండ వచ్చి పోతుంది. చింతకు రోజంతా ఎండ కావాలి. చెట్టు మన బంధుత్వాన్ని చూడదు, ఎండనే చూస్తుంది.

నా పాత విద్యార్థి ఒకరు ఇప్పుడొక చిన్న ఊరిలో ఇమామ్‌గా ఉన్నారు. ఆయన ఇంటి ముందు విశాలమైన ఆవరణ ఉంది, ఎండకు కొదువ లేదు. మద్రసాలో చదివిన రోజుల్లో నా పక్కన కూర్చుని తీగ చుట్టడం, వేరు కత్తిరించడం నేర్చుకున్నారు. చింతను ఆయనకు ఇవ్వాలని నిశ్చయించుకున్నాను. "ఉస్తాద్, ఇది మీ అమానత్, నాది కాదు" అన్నారాయన. నాది కూడా కాదని చెప్పాను.

అమ్మాయికి కబురు చెప్పినప్పుడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "మరి నా బాల్కనీలో ఏది బతుకుతుంది?" అని అడిగింది. పన్నెండేళ్ల ఫైకస్ ఒకటి ఆమె కోసం సిద్ధం చేస్తున్నాను. ఈ తొలకరికి మట్టి మార్చి, వేళ్లు సరిచేసి, కొత్త చిగురు వేశాక పంపుతాను. నీళ్లు ఎప్పుడు పోయాలో, ఎరువు ఎంత వేయాలో ఒక కాగితం మీద రాసి కుండీకి కడతాను. చివరి వాక్యంగా, చింతను చూడాలనిపిస్తే ఏ ఊరికి, ఏ బస్సెక్కి వెళ్లాలో కూడా రాస్తాను.