వెల తగ్గిన కెమెరా

మా యిల్లు అమీర్‌పేటలో మైత్రీవనమునకు సమీపమున నున్నది. మా తండ్రిగారు ఉద్యోగవిరమణానంతరము కూడ ప్రతి యుదయము సైకిలెక్కి పంజాగుట్ట వరకు పోయి, పాత మిత్రునితో తేనీరు త్రాగి మరలివచ్చెడివారు. వారి సైకిలు గంట వినబడినచో వీధివారు గడియారము చూడకయే ఏడు గంటలైనదనెడివారు.

2015 జూలైలో పదమూడేండ్ల మా అబ్బాయి నాయొద్దకు వచ్చి, "నాన్నగారూ! గోప్రో వారు క్రొత్త కెమెరా తెచ్చినారు. దానిని తాతగారి సైకిలుకు బిగించి, ఆయన పోవు దారియంతయు చిత్రింపవలెనని యున్నది" అనెను.

దాని పేరు హీరో ఫోర్ సెషన్. అది నాలుగు సెంటీమీటర్లకు లోపుగా నుండు ఘనాకారపు పెట్టె. బరువు 74 గ్రాములు. పైనున్న మీటను నొక్కిన చిత్రణ మొదలయ్యెడిది. మరల నొక్కిన ఆగెడిది. వేరు తొడుగు లేకయే పది మీటర్ల లోతు నీటిలో పనిచేసెడిది. కాని దృశ్యమును చూచుటకు దానికి తెర లేదు. తీసినదానిని ఫోనులోనో కంప్యూటరులోనో చూడవలసినదే. బ్యాటరీని మార్చుటకును వీలు లేదు.

ఇట్టి కెమెరాలకు మూలము ఒక యువకుని ముచ్చట. అమెరికా దేశస్థుడైన నిక్ వుడ్‌మన్ 2002లో, సముద్రపుటలలపై పలకనెక్కి జారుచు తన విన్యాసములను తానే చిత్రించుకొనదలచి, కెమెరాను మణికట్టునకు కట్టు పట్టీని యోచించెను. 2004లో అతని సంస్థ అమ్మిన తొలి కెమెరా ఫిలిముతో పనిచేసినదే. మన హైదరాబాదున ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ కాలమున బరువైన పెట్టె, గాజుపలకలు, మూడుకాళ్ల ఆధారము కావలసియుండెను. చిత్రము తీయించుకొనువారు కదలక నిలువవలసియుండెను. ఈ చిన్న పెట్టెయో, కదలువారి కొరకే పుట్టినది.

అమెరికాలో దాని వెల అప్పుడు సుమారు 400 డాలర్లు. "ఇంత పెట్టెకు అంత వెలయా? ఆగుము, తగ్గును" అంటిని. సెప్టెంబరులో అది 300 డాలర్లకు దిగెను. "చూచితివా! ఇంకను తగ్గును" అని గర్వముగా పలికితిని. డిసెంబరులో 200 డాలర్లకు దిగెను. నా లెక్క నిజమైనది. పంజాగుట్టలోని యొక దుకాణమున కెమెరా కొని సంతోషముతో ఇల్లు చేరితిని.

అబ్బాయి దానిని తీసికొని పెరటిలోనికి పోయి, సైకిలు ప్రక్క నిలిచెను. సైకిలుకు దుమ్ము పట్టియుండెను. మోకాళ్ల నొప్పిచే మా తండ్రిగారు నవంబరు నుండి దానిని ఎక్కుట మానిరి. ఆ సంగతి నేనెరుగనిది కాదు. కాని వెల తగ్గుటను లెక్కించుచు దినములు తరుగుటను లెక్కింపనైతిని. అబ్బాయి నన్నొక్క మాటయు అనలేదు. అదియే నన్ను మిక్కిలి బాధించెను.

మరునాడు తండ్రిగారే మనుమని పిలిచి, "సైకిలు లేకున్న నేమిరా, కాళ్లున్నవి గదా! నడచిపోవుదము రమ్ము" అనిరి. కెమెరాను వారి ఛాతీకి పట్టీతో కట్టితిమి. ఇరువది నిముషముల దారికి గంటసేపు పట్టెను. సాయంకాలము అందరము కూర్చుండి ఆ చిత్రమును చూచితిమి. మెట్రో రైలుమార్గపు పనులు, కంప్యూటరు శిక్షణాలయముల పేరుపలకలు, పంజాగుట్ట కూడలి, అన్నియు అందున్నవి. తండ్రిగారి ముఖము మాత్రము లేదు. వారి ఆయాసము, వారి మాటలు, మధ్యమధ్య తలయెత్తి వారిని చూచు మనుమని ముఖము ఉన్నవి.

2018 సెప్టెంబరులో ఆ దారిపై మెట్రో రైలు నడువనారంభించెను. అమీర్‌పేటలో ఎక్కినచో పంజాగుట్ట మరుసటి స్టేషనే. నేనారైలులో పోవునప్పుడెల్ల క్రింది దారిని చూచుచుందును. వెల తగ్గువరకు వస్తువు అంగడిలో వేచియుండును. పెద్దల దినములు అట్లు వేచియుండవు. ఆనాడు మిగిల్చిన సొమ్ము దేనికి వ్యయమైనదో నాకిప్పుడు జ్ఞప్తి లేదు. ఆ సైకిలు గంట ధ్వని మాత్రము మా చిత్రములో ఎచ్చటను లేదు.