వరద దాటిన చక్రం

గోదారికి వరదొస్తే చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునుగుతుంది. 2022 జులైలోనైతే లంకలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. నీరు పూర్తిగా తీయకముందే బండి దాటించేవాళ్లూ ఉంటారు. ఇంజిన్ తడవలేదని సంబరపడతారు గానీ, అసలు దెబ్బ ముందు చక్రాలకి!

పరుగుతో వేడెక్కిన హబ్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని, అరిగిన ఆయిల్ సీల్ సందులోంచి నీటిని లాగేస్తుంది. కొన్నాళ్లకి గ్రీజు మజ్జిగలా తెల్లబడుతుంది. ఆపైన గరగరమని మోత. గిన్నెలూ పరుపులూ వేసుకుని, ఇంటిల్లిపాదీ అంతర్వేది తీర్థానికి బయల్దేరే పాత మెటాడోర్ వ్యానైతే మరీ ప్రమాదం.

రాజోలు షెడ్డులో ముందు జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపుతారు. లొడలొడలాడితే విప్పాల్సిందే. లోపలిదీ బయటిదీ రెండు బేరింగులూ కప్పులతో సహా మార్చాలి. పాత కప్పులో కొత్త బేరింగు దండగ. సీలూ కొత్తదే. అరచేతిలో గ్రీజు పెట్టుకుని రోలర్ల మధ్యకి నొక్కాలి. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, కాస్త వదులుచేసి, కొత్త స్ప్లిట్ పిన్ను వేయాలి. మరీ బిగిస్తే దారిలోనే కాలిపోతుంది.

తర్వాత దిండి వంతెన దాకా ఓ చుట్టు తిప్పుకొచ్చి, హబ్ మీద చెయ్యేసి చూస్తారు. గోరువెచ్చగా ఉందా, సరే. చెయ్యి చురుక్కుమందా, మళ్లీ జాకీ ఎత్తాల్సిందే!