పదో వేలు

మా ఊరి గుడిలో ఒక మెట్టు ఉండేది. జానెడు ఎత్తు నాపరాయి. దానికి ఇవతల మేమంతా కూర్చునే చాపలు, అవతల బల్ల, శిలువ, వాక్యం చదివే పీట. నంద్యాలకు దగ్గర్లో, కుందూ ఒడ్డున నల్లరేగడి పల్లె మాది. మట్టిమిద్దె గుడి. వేపకొమ్మకు వేలాడే రైలుపట్టా ముక్కే గంట.

శనివారం పొద్దుగూకే ముందు అమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్లు వచ్చి గుడి కడిగేవాళ్లు. కుచ్చిళ్లు ఎగదోపుకుని, పీచుతో ఆ మెట్టును నిగనిగలాడేదాకా రుద్దేవాళ్లు. బల్ల కిందికి దూరి మూలమూలలా తుడిచేవాళ్లు. తెల్లారితే ఆ మెట్టు మగవాళ్లది. ఆడవాళ్లు తలమీద కొంగు సర్దుకుని దాని ముందు మోకరించి, సంస్కారం తీసుకుని వెనక్కి మళ్లేవాళ్లు. ఎక్కకూడదని ఎవరూ అన్నట్టు నాకు గుర్తులేదు. అనాల్సిన అవసరమే రాలేదు.

ఆ మెట్టు నేను పదేళ్లకే ఎక్కాను.

1977లో అనుకుంటా, ఉపదేశిగారు నన్ను పిలిచి, "ఈ ఆదివారం పాఠం నువ్వు చదవాలబ్బీ, రోమా పత్రిక పదహారో అధ్యాయం" అన్నారు. అప్పుడు నేను అయిదో తరగతి, అక్క ఏడు. ఊళ్లో ఎవరికి ఉత్తరం వచ్చినా చదివించుకోవడానికి మా అక్క దగ్గరికే వచ్చేవాళ్లు. కూడబలుక్కుని చదివే నాకు పాఠం వచ్చింది, గడగడా చదివే అక్కకు నాకు నేర్పించే పని వచ్చింది.

ఆ అధ్యాయంలో కథ లేదు, అద్భుతం లేదు. పౌలు రోములో తనకు తెలిసినవాళ్లందరికీ పేరుపేరునా వందనాలు చెబుతాడు, అంతే. మావాళ్లు వీధిలో ఎదురైతే "వందనాలన్నా, వందనాలక్కా" అనుకుంటారు చూడండి, అచ్చం అలాగే. చిక్కంతా పేర్లతోనే. అంద్రొనీకు, త్రుపైనా, త్రుఫోసా. నాలుక మడతపడేది.

అక్క పొయ్యి ముందు జొన్నరొట్టెలు తడుతుండేది. చేతులకు పిండి కాబట్టి పుస్తకం నేను పట్టుకోవాలి. నేను తప్పు చదివినప్పుడల్లా, రొట్టె మీద చెయ్యి ఆగకుండానే దిద్దేది. "అట్ల కాదురా. త్రు-ఫో-సా. మళ్లీ అను." నాలుగోసారో అయిదోసారో చదువుతుంటే ఆ చెయ్యి ఆగింది.

"ఆగు. దీంట్లో ఆడోళ్లు ఎంతమంది ఉన్నారో చూసినావా?"

పిండి అంటిన వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకుంటూ లెక్కపెట్టింది. కెంక్రేయ సంఘంలో పరిచర్య చేసే ఫీబే. మొగుడికంటే ముందు తన పేరొచ్చిన ప్రిస్కిల్ల. మరియ. త్రుపైనా. త్రుఫోసా. పెర్సిసు. రూఫు వాళ్ల అమ్మ. జూలియ. నేరెయ చెల్లెలు. తొమ్మిది వేళ్లు ముడిచింది. కుడిచేతి బొటనవేలు ఒక్కటి నిలబడి ఉంది. "ఈ యూనీయ ఎవరో తెలియడం లేదురా. ఆడమనిషా, మగమనిషా?"

ఆ రాత్రే లాంతరు పట్టుకుని బైబిలమ్మ దగ్గరికి పోయాం.

బైబిలమ్మ అసలు పేరు ఊళ్లో సగం మందికి తెలియదు. చిన్నప్పుడే భర్త పోయాడు. తెల్లచీర, భుజాన గుడ్డసంచి, అందులో బైబిలు, పలకలు, అమృతాంజనం సీసా. పాస్టరుగారు నెలకోసారి వచ్చేవారు, బైబిలమ్మ రోజూ తిరిగేది. వంటింట్లోకి, బాలింత గదిలోకి, పత్తిచేలోకి. మా అమ్మకు అక్షరాలు దిద్దించింది ఆమెనే. గుడిలో మాత్రం ఎప్పుడైనా మాట్లాడమంటే మెట్టు కిందే నిలబడి నాలుగు మాటలు చెప్పి కూర్చునేది.

ఆమె అసలు ప్రసంగాలు గట్టు మీద జరిగేవి. ఒక మధ్యాహ్నం చెప్పింది నాకింకా గుర్తుంది. పద్దెనిమిదేళ్లుగా నడుము వంగిపోయి పైకి చూడలేని ఒక ఆడమనిషిని యేసు విశ్రాంతిదినాన సమాజమందిరంలో చూశాడు. దగ్గరికి పిలిచి నిలబెట్టాడు. పెద్దలు కోప్పడితే, ఈమె అబ్రాహాము కూతురు కాదా అని వాళ్లనే అడిగాడు. "అబ్రాహాము కొడుకులమని చెప్పుకునేటోళ్లు ఊరినిండా ఉన్నారు. కూతురని పిలిచినోడు ఆయనే" అంది బైబిలమ్మ. పొద్దుటినుంచి వంగి కలుపు తీస్తున్న ఆడవాళ్లు నడుములు పట్టుకుని నిటారుగా నిలబడి విన్నారు. మగవాళ్లకిచ్చే కూలిలో వాళ్లకు సగమే దక్కేది. ఆడా మగా ఒకే పనికి ఒకే కూలి ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చిందట. మా చేలదాకా అది నడిచి రాలేదు.

అక్క లెక్క విని బైబిలమ్మ నవ్వింది. త్రుపైనా, త్రుఫోసా ఆడవాళ్లేనని చెప్పింది, అక్కాచెల్లెళ్లయి ఉంటారంది. యూనీయ దగ్గర ఆగి, అద్దాలు సర్దుకుని ఆ వాక్యం రెండుసార్లు చదివింది. "అపొస్తలుల్లో పేరున్నోళ్లని రాసినాడు కదమ్మా. అట్లయితే మగమనిషే అయ్యుంటాడు."

ఆదివారం మెట్టెక్కాను. త్రుఫోసా దగ్గర గొంతు ఆగిపోయింది. తలెత్తి ఆడవాళ్ల చాపల వైపు చూస్తే, కొంగు చాటున అక్క పెదవులు కదులుతున్నాయి. ఆ పెదవులు చూసి చదివేశాను. ఆరాధన అయ్యాక పెద్దలందరూ నా వీపు తట్టారు. ఇంట్లో నాయన తన పక్కన కూర్చోబెట్టుకుని కోడికూర వడ్డించమన్నాడు. అక్క వడ్డించింది. అమ్మా తనూ మా తర్వాత తిన్నారు.

నాయన చెడ్డవాడు కాదు. సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలని మొదటి కొరింథీ పత్రికలో పౌలు రాసిన మాట ఆయన చాలాసార్లు విన్నాడు. అదే పత్రికలో, మూడు అధ్యాయాల ముందు, ప్రార్థన చేసే, ప్రవచించే స్త్రీలు తల కప్పుకోవాలని అదే పౌలు రాశాడు. నోరే తెరవకూడని వాళ్లకు ప్రార్థించేటప్పుడు కొంగు ఎట్లా ఉండాలో చెప్పడమెందుకు? ఈ ప్రశ్న మా గుడిలో ఎవరూ వెయ్యలేదు. మౌనం మీద ప్రసంగాలు విన్నాం, కొంగు మీద విన్నాం. వందనాల అధ్యాయం మీద ఒక్కటీ వినలేదు. అది ఉత్త పేర్ల పట్టీ అని పిల్లవాడి చేతికిచ్చారు.

పదో తరగతి కాగానే అక్కకు పెళ్లయింది. నేను చదువుకుని హైదరాబాదు చేరాను. 2013 సెప్టెంబరులో నంద్యాలలో ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్పుగా అభిషేకం పొందారు. దక్షిణ ఇండియా సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ ఆమె, అప్పటి మా కర్నూలు జిల్లా పల్లెబిడ్డ. అక్క పోయి జనంలో నిలబడి చూసి వచ్చింది. ఆ రాత్రి ఫోనులో ఊరేగింపు గురించీ, పాటల గురించీ చాలాసేపు చెప్పింది. చివర్న, "బైబిలమ్మ ఉండింటే తీసుకపోయేదాన్ని" అంది.

ఆ తర్వాత కొన్నేళ్లకు ఏదో పుస్తకం తిరగేస్తుంటే యూనీయ కనిపించింది. నాలుగో శతాబ్దపు క్రిసోస్తొము ఆమెను స్త్రీగానే ఎంచి, అపొస్తలురాలని పిలిపించుకోదగిన ఆమె జ్ఞానాన్ని మెచ్చుకున్నాడట. తర్వాతి కాలపు పండితులు కొందరు ఆ పేరును మగపేరుగా మార్చి చదివారు. నిజానికి ఆనాటి రోమాలో యూనీయ అన్న ఆడపేరు మామూలే, వాళ్లు ఊహించిన మగపేరే ఎక్కడా దొరకలేదు. వాళ్ల తర్కం కూడా మా బైబిలమ్మదే: అపొస్తలుల్లో ఉంటే మగమనిషే అయ్యుండాలి. జీవితమంతా సువార్త మోసుకు తిరిగిన మనిషి చేత కూడా అనిపించిన మాట అది.

వెంటనే అక్కకు ఫోను చేశాను.

"అక్కా, ఆ బొటనవేలు కూడా ముడిచెయ్."

ఏ వేలని అడగలేదు. కాసేపు ఏమీ వినపడలేదు. "యూనీయ ఆడమనిషేనా?"

"ఆడమనిషే."

"సరేలే. ఎవరైనా కానీ, పేరైతే ఆ పొద్దు సరిగ్గానే పలికినావు" అంది అక్క. "నేను నేర్పించినా కదా."