తృప్తి - భౌతికవాదం

"భక్తులకు తృప్తి ఉంటుంది, భౌతికవాదులకు ఉండదంటారు. నిజమేనా సార్?" అని ఈమధ్య తరగతిలో ఒక విద్యార్థి నన్ను అడిగాడు. భౌతికవాదమంటే వస్తువ్యామోహం కాదనీ, ప్రపంచాన్ని ప్రపంచంతోనే వివరించే దృక్పథమనీ చెప్పాను. భక్తుని తృప్తి పేదవాణ్ణి నిద్రపుచ్చే మందని ముగించాను. ఆ సాయంత్రమే కారు వాయిదా కట్టమని బ్యాంకువారి ఫోను వచ్చింది. నేను బోధిస్తున్న భౌతికవాదం ఒకటి, బతుకుతున్నది మరొకటి అని అంగీకరించక తప్పలేదు.

అప్పుడు పాతపంటల జాతర జ్ఞాపకం వచ్చింది. 1983లో ఏర్పడి, పస్తాపూరు కేంద్రంగా పనిచేస్తూ వచ్చిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు మా జహీరాబాదు పల్లెల్లో జరిపే జాతర అది. ఈ సంఘాలలో అత్యధికులు దళిత స్త్రీలు. సంక్రాంతి నాళ్లలో జొన్న, కొర్ర, సామ, తైద విత్తనాలను ఎడ్లబండ్ల మీద ఊరూరా ఊరేగిస్తారు. ఒక ఏడు అక్కడ ఒక వృద్ధురాలు విత్తనాలకు హారతి పడుతుంటే, "గింజకు మొక్కుడెందుకవ్వా?" అన్నాను.

"అమ్ముకుంటె ఒక్కనాడే దింటం సారూ. దాసిపెడితె మనుమలు గూడ దింటరు. మొక్కితేనే అది ఇంట్ల నిలుస్తది" అన్నది.

విత్తనం చేజారితే రైతు అప్పులవాని గుమ్మం ఎక్కవలసిందే. ఆ మొక్కు విత్తనానికి వేసిన తాళం. దానివల్ల ఆమె పొందే తృప్తిలో లొంగుబాటు లేదు. చిరుధాన్యాలను రేషనులో చేర్చాలని పోరినవీ, 2008లో మాచునూరులో సొంత రేడియో నెలకొల్పుకున్నవీ ఈ సంఘాలే. 1844లో మతాన్ని మత్తుమందన్న మార్క్సు, అక్కడే అందులో పీడితుల నిట్టూర్పును కూడా విన్నాడు. మనం మొదటి మాటను కంఠస్థం చేసి, రెండవదాన్ని విడిచిపెట్టాం.

దేవుణ్ణి దొడ్డిదారిన తీసుకువస్తున్నానని మిత్రులు శంకించవద్దు. ఆకలిని పూర్వజన్మ కర్మగా చూపే తృప్తి నేటికీ ప్రజాశత్రువే. ఆ అవ్వ వంటివారిని తరతరాలుగా గుడి బయట నిలబెట్టినవారు బోధించింది ఆ తృప్తినే. కావున ఏ విశ్వాసాన్నయినా ఒక్క ప్రశ్న అడగాలి: అది మనిషి చేతులు కట్టివేస్తున్నదా, పనికి పురికొల్పుతున్నదా?

ఈ ప్రశ్నకు నా వస్తువ్యామోహం కూడా జవాబు చెప్పాలి. వాయిదాల భయంతో నేను మింగిన మాటలు కొన్ని ఉన్నాయి. ఆ అవ్వ మొక్కు ఆమె నోరు మూయించలేదు.

రేపు తరగతిలో నా జవాబు సవరించుకోవాలి. నా వాయిదాల సంగతితోనే మొదలుపెడతాను.