గ్లైడ్ బైట్, కంపచెట్టు, మా మామ

అమెరికా వాళ్ళు బాస్ చేపలు పట్టే వీడియోలు చూసీ చూసీ నాకూ ఆ పిచ్చి పట్టుకుంది. ఆఫీసులో బిల్డ్ అయ్యేలోపు ఒక వీడియో :) అలా రెండేళ్ళలో జీతంలో కొంత గాలాల పాలయ్యింది. మీ డబ్బులైనా మిగులుతాయని రాస్తున్నా.

స్విమ్‌బైట్ అంటే మెత్తటి ప్లాస్టిక్ చేప. తోక చివర తెడ్డులా ఉంటుంది, లాగితే అది కొట్టుకుంటుంది. గ్లైడ్ బైట్ గట్టిది, నడుం దగ్గర ఒక కీలు. రీలు మెల్లగా తిప్పితే ఎడమకీ కుడికీ పాములా జారుతుంది. డెప్స్ వాళ్ళ స్లైడ్ స్విమ్మర్ 250 లాంటివి వంద డాలర్ల పైమాటే. ఎస్-వేవర్ 168 అయితే అంతకంటే చాలా తక్కువ, అదీ బాగానే జారుతుంది. చవకది కొనేటప్పుడు రెండు చూడండి: కీలు సులువుగా ఆడుతోందా, నీళ్ళలో పక్కకి ఒరగకుండా నిలబడుతోందా. కొక్కేలు నాసిగా ఉన్నా ఫరవాలేదు, మార్చుకోవచ్చు.

ఇంత తెలిసీ నేను చేసిన పని వినండి. ఫ్రెండ్‌తో ఒక ఎస్-వేవర్ తెప్పించుకుని, వానాకాలంలో బెంగుళూరు నుంచి ఆదోనిలో రైలు దిగి ఎమ్మిగనూరు చేరా. మర్నాడు మామా నేనూ బండి మీద గాజులదిన్నె ప్రాజెక్టుకి పోయాం. మూడోసారి విసరగానే నీళ్ళలో మునిగిన కంపచెట్టుకి తగులుకుంది. కింద రెండు గాలాలు, ఒక్కోదానికి మూడు కొక్కేలు. ఇక వస్తుందా?

"ఎంత పెట్టి కొన్నావ్ అల్లుడా?"

చెప్పా.

"ఆ దుడ్డుకి ఎన్ని కేజీల కొరమీను వస్తాదో తెల్సా?"

మన నీళ్ళల్లో బాస్ ఉండదు, కొరమీను ఉంటుంది. అది ఉండేదే నాచులో, కంపల్లో. అక్కడికి ఒకే కొక్కెం ఉండి, దాని మొన ప్లాస్టిక్‌లో దాగే చవక స్విమ్‌బైటే సరి. అంత తేలిగ్గా తగులుకోదు. పోయినా ఏడుపు రాదు.

అది కట్టి చూస్తుంటే ఒడ్డు దగ్గర నీళ్ళు ఎర్రగా కదిలాయి. కొరమీను పిల్లల గుంపు! కింద పెద్ద చేప కాపలా ఉంటుంది. గుంపు మీదికి విసిరితే కొట్టి తీరుతుందని వీడియోల్లో చూశా. చెయ్యెత్తా. మామ రాడ్ పట్టుకున్నాడు.

"అది ఆకలితో కరసదురా. పిల్లల కోసం కరస్తాది. దాన్ని లాగేస్తే ఆ పిల్లలన్నీ వేరే చేపలకి మేతే."

ఏ ఎర ఎంతకి కొనాలో రెండేళ్ళు చదివా. ఎక్కడ విసరకూడదో మాత్రం ఎక్కడా చదవలేదు. ఆ రాత్రి ఇంట్లో పప్పుచారే. అత్త నవ్వింది.

ఎస్-వేవర్ ఇంకా ఆ కంపకే వేలాడుతోంది. నీళ్ళు తగ్గాక ఎవరికైనా దొరికితే, ముందు కొక్కేలు మార్చుకోండి :)