పాలరాపు గుట్టమీద ఒక్కగానొక్క బిడ్డ

రాబందును చూడటానికి పనిగట్టుకుని ప్రయాణం చేశానంటే మీరు నవ్వుతారు. మా వారూ నవ్వారు. "జనం తిరుపతి పోతరు, షిర్డీ పోతరు, నువ్వేందే?" అన్నారు. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఆ పేరు ఎత్తనిచ్చేది కాదు. రాబందు ఇంటిమీద వాలితే ఆ ఇల్లు పాడుబెట్టి పోవాలనే రోజులవి. గుడ్లగూబకూ అదే మర్యాద!

2017 ఫిబ్రవరిలో కాగజ్‌నగర్‌లో ఉన్న మా ఆడబిడ్డ ఇంటికి వెళ్ళాం. కరీంనగర్ నుంచి పెద్దపల్లి దాకా బస్సు, అక్కడ రైలు ఎక్కితే సిర్పూర్ కాగజ్‌నగర్‌లో దిగొచ్చు. అప్పటికి పేపరు మిల్లు మూతపడి రెండేళ్ళు దాటింది (2018లో మళ్ళీ తెరిచారు లెండి). బజారంతా బోసిగా ఉంది. మా ఆడబిడ్డ భర్త, అంటే నాకు వరసకు అన్నయ్య, అటవీశాఖ వారిని అడిగి అనుమతి తెచ్చారు. అనుమతి లేకుండా ఆ అడవిలోకి పోనివ్వరు. అది పులులు తిరిగే చోటు కూడా.

పొద్దున్నే సర్వపిండి చేసుకుని, సీసాల్లో నీళ్ళు పోసుకుని జీపులో బయలుదేరాం. పెంచికల్‌పేట దాటాక మురళీగూడ. పాత ఆదిలాబాద్ జిల్లాలోని బెజ్జూర్ అడవి ఇదే. ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కిందికొచ్చింది. టేకు చెట్లు ఆకు రాల్చి, కాలు పెడితే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. కాసేపు నడిస్తే పెద్దవాగు, దానిమీదికి నిటారుగా లేచిన రాతిగోడ. అదే పాలరాపు గుట్ట. 2013లో ఇక్కడ పొడుగు ముక్కు రాబందులు గూళ్ళు పెట్టుకున్నట్టు అటవీశాఖ వారు గుర్తించారు. వాటిని కాపాడే పనికి జటాయువు పేరు పెట్టుకున్నారు.

గుట్టమీద అక్కడక్కడా సున్నం పోసినట్టు తెల్లటి చారలున్నాయి. గోడకు ఎవరు సున్నం వేశారా అనుకున్నాను. "రెట్టలమ్మా, ఆడనే గూడున్నట్టు లెక్క. సప్పుడు చెయ్యకుండ్రి" అన్నాడు వెంట వచ్చిన వాచర్ తమ్ముడు. ఆయన దుర్భిణి నా చేతికిచ్చి వేలితో దారి చూపించాడు.

రాతి అరుగుమీద నాలుగు పుల్లలు, కాసిన్ని ఆకులు. అంతే, అదే గూడు. అందులో దూదిపింజలాంటి పిల్ల, పక్కన కొండలా పెద్దది. తల్లో తండ్రో చెప్పలేం, రెండూ ఒకేలా ఉంటాయి. పనీ ఒకేలా చేస్తాయి. ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు. దాన్ని నెలన్నరకు పైగా ఇద్దరూ వంతులేసుకుని పొదుగుతారు. పిల్ల బయటికొచ్చాక ఒకరు కాపలా, ఒకరు తిండికి. మధ్యాహ్నం ఎండ గూటిలోకి దూరేసరికి ఆ పెద్దది రెక్క కాస్త విప్పి పిల్లకు నీడ పట్టింది. నా చిన్నతనంలో మా అమ్మ నాట్లకు పోయినప్పుడు గట్టుమీద నన్ను పడుకోబెట్టి కొంగు కప్పేదట. ఆ మాట గుర్తొచ్చింది.

రెండోది ఎప్పుడొస్తుందా అని సర్వపిండి తింటూ కూర్చున్నాం. రాబందులు తెల్లారగానే ఎగరవు. నేల వేడెక్కి గాలి పైకి లేచాక ఆ గాలిమీద తేలుతూ ఊళ్ళకు ఊళ్ళు దాటిపోతాయి. చచ్చిన గొడ్డు ఎక్కడుందో కళ్ళతోనే వెతుక్కుంటాయి. రెండు గంటలప్పుడు అది వచ్చింది. చాచిన రెక్కలు ఆ కొస నుంచి ఈ కొసకు ఆరడుగులు పైనే. ముక్కున ఏమీ లేదు, కాళ్ళతోనూ ఏమీ తేలేదు. "అయ్యో, వట్టి చేతులతో వచ్చింది" అన్నాను. తమ్ముడు నవ్వాడు. పిల్ల మెడ చాచి దాని ముక్కును పొడవసాగింది. పెద్దది తల వంచి, గొంతు కింది సంచిలో దాచుకొచ్చింది కక్కి నోటికందించింది. అసహ్యం అనుకునేరు! మనం చంటిపిల్లకు అన్నం పిసికి మెత్తగా చేసి పెట్టమూ? దానికి చేతుల్లేవు, అంతే తేడా.

అన్నట్టు, మా అమ్మాయి టీవీలో చూసి ఉత్తర ధ్రువం వైపు ఉండే తెల్ల గుడ్లగూబ సంగతి చెప్పింది. హ్యారీ పోటర్ సినిమాల్లో ఉత్తరాలు మోసేది అదే జాతిట. అక్కడ చెట్లే ఉండవు, నేలమీదే గుంట చేసుకుని గుడ్లు పెడుతుంది. తల్లి కదలకుండా పొదుగుతుంటే తండ్రి ఒక్కడే లెమ్మింగ్‌లనే ఎలుకల్లాంటి జంతువుల్ని పట్టి తెచ్చిస్తాడు. లెమ్మింగ్‌లు బాగా దొరికిన ఏడు పది గుడ్లు కూడా పెడుతుంది, దొరకని ఏడు అసలు పెట్టదు. పిల్లలు మూడు వారాలకే, ఎగరడం రాకముందే, గూడు దిగి నడిచిపోతారు. మన రాబందుకు ఆ వెసులుబాటు లేదు. కరువొచ్చినా పంటొచ్చినా ఒక్కటే గుడ్డు, పిల్ల ఎగరడానికి మూడు నెలల పైన. ఆ పిల్ల పెద్దదై తనూ గుడ్డు పెట్టడానికి ఇంకో నాలుగైదేళ్ళు.

అందుకే కాబోలు, దెబ్బ తగిలితే అవి లేవలేకపోయాయి. పశువులకు నొప్పి, వాపు తగ్గడానికి డైక్లోఫెనాక్ సూది వేసేవారు. ఆ సూది పడ్డ గొడ్డు చనిపోతే, ఆ మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడై నాలుగైదు రోజుల్లో చచ్చిపోతుంది. ఈ సంగతి శాస్త్రజ్ఞులు 2004లో బయటపెట్టారు. అప్పటికే మన దేశంలో ఈ జాతి నూటికి తొంభై ఐదుకు పైగా పోయాయి. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. 2015లో మనుషులకు వాడే పెద్ద సీసాలు కూడా ఆపి, 3 మిల్లీలీటర్లకు మించకూడదన్నారు. గుట్టమీది పిల్లకు కక్కి పెట్టే ముద్దలో ఆ మందు ఉంటే? పాపం, తెచ్చినవారికి తెలిసేదెలా?

ఈ మాట ఆ వాచర్ తమ్ముడు చెబుతున్నప్పుడు నాకు మా బర్రె గుర్తొచ్చింది. నేను ఇంటర్ చదివే రోజుల్లో మా ఊళ్ళో ఈనిన బర్రెకు పొదుగు వాచింది. ఊళ్ళో సూదులు వేసే ఆయనను నేనే పిలుచుకొచ్చాను. మూడు రోజులు సూదులు వేశాడు. బర్రె దక్కలేదు. నాన్న చెరువు అవతలకు ఈడ్పించాడు. సాయంత్రానికి ఐదారు రాబందులు వాలాయి. నేను, మా తమ్ముడు కట్టమీద నిలబడి చూశాం. మా ఊళ్ళో వాటిని చూడటం అదే ఆఖరు. అది ఏ మందో చెప్పడానికి ఇప్పుడు నాన్నా లేడు, ఆ సూదులాయనా లేడు.

తిరుగు ప్రయాణంలో ఆడబిడ్డ ఏదేదో మాట్లాడుతోంది, నాకు చెవికెక్కలేదు. ఇంటికి రాగానే మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడికి నాలుగు బర్రెలున్నాయి.

"ఏందక్కా, బాగున్నవా?"

"బాగున్న గానీ, బర్రెకు మొన్న సూది వేసిన్రన్నవు కదా, ఆ సీసా ఉందా?"

"పారేసిన. ఎందుకే?"

"యాడ పారేసినవో పోయి చూడు. దానిమీద పేరు చదివి చెప్పు."

వాడు గొణుక్కుంటూ వెళ్ళాడు. ఫోన్ పెట్టేయకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి వచ్చి, చింపిరి కాగితం మీది అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాడు. మె... లాక్సి... కామ్. రాబందులకు హాని చేయనిదని తమ్ముడు చెప్పిన మందు పేరు అదే.

"సరే, పో, అన్నం తిను" అన్నాను.