అంతియూరు సంతలో కొన్న గుర్రం

కోయంబత్తూరు ప్రాంతంలో తరాలుగా స్థిరపడిన మన తెలుగువారికి అంతియూరు పేరు కొత్త కాదు. ఈరోడు జిల్లాలో, బర్గూరు కొండల పాదాన ఉన్న ఊరది. దాని పక్కన పుదుప్పాళయంలో గురునాథస్వామి కోవెల ఉన్నది. ఏటా ఆడి నెలలో అక్కడ తిరునాళ్ళు. స్వామిని చూడవచ్చేవారు ఎందరో పశువులను చూడవచ్చేవారూ అందరే. ఎర్రని ఒంటిమీద తెల్లమచ్చల బర్గూరు ఎడ్లు, కాంగేయం కోడెలు, వాటన్నిటికీ మించి గుర్రాలు! టిప్పుసుల్తాను తన సైన్యానికి ఇక్కడనే గుర్రాలు కొనేవాడని ఊళ్ళో ఎవరిని కదిపినా చెబుతారు.

2023 ఆగస్టులో మేమూ బయలుదేరాము. అవినాశి, గోబిచెట్టిపాళయం మీదుగా దారి. గోబి దగ్గర వరిమళ్ళు, కొబ్బరితోటలు కంటికి చల్లగా ఉంటాయి. భవానీ నది దాటిన తరువాత కొండలు దగ్గరపడతాయి. సంత మాత్రం దుమ్ము, ఎండ, డప్పుల మోత.

మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలను చెవులను బట్టి పోల్చవచ్చు. చెవుల కొసలు లోపలికి వంగి ఒకదానినొకటి తాకబోతూ ఉంటాయి. డప్పుకు సరిగా కాళ్ళెత్తి ఆడే గుర్రాల చుట్టూ జనం మూగి ఉన్నారు. చూడ ముచ్చటే గాని, ఆ ఆట వెనుక కొరడా కూడా ఉంటుంది. మేము కొన్నది అటువంటి ఆటకు తయారవుతూ మధ్యలో అమ్మకానికి వచ్చిన ఆడగుర్రం. బేరగాడు అయిదేళ్ళన్నాడు. మా చిన్నాయన దాని పెదవి ఎత్తి చూచి నవ్వాడు. గుర్రానికి రెండున్నర ఏళ్ళప్పుడు ముందు జత పాలపళ్ళు మారతాయి, మూడున్నరకు పక్క జత, నాలుగున్నరకు చివరి జత. దీనికి ముందు జతే మారింది. అంటే మూడేళ్ళ పిల్ల. బేరగాడు మాట మార్చి సుడుల శుభలక్షణాలు చెప్పసాగాడు. సుడుల పిచ్చి మనకూ తక్కువ లేదు. మనుమంచి భట్టు హయలక్షణ విలాసమని తెలుగులో కావ్యమే రచించాడు గదా! మేము మాత్రం సుడులను వదిలి గిట్టలను చూచాము. గిట్టలు బాగున్నవి. కాని వెనుక కాలి వైపు చెయ్యి పోగానే తన్నబోయింది.

అదే ఇంట్లో పెద్ద తగువుకు మూలమైంది. “పిల్లలు తిరిగే ఇల్లురా ఇది. దీపావళి నాటికి వెనుక కాలు ఎత్తనిస్తే సరి, లేదా మళ్ళీ బేరగాడికే అప్పగించండి” అన్నాడు పెద్దనాయన. ఆయన మాటలో తప్పు లేదు. అయితే అలా చేతులు మారే గుర్రం చివరకు ఏమవుతుందో, సంతలో ఒక మూల కట్టిన డొక్కలెండిన ముసలి గుర్రాలను చూచినవారికి వేరే చెప్పనక్కరలేదు.

మొదటి మూడు వారాలు దానిని మిగతా పశువులకు దూరంగా, కాని వాటికి కనబడేటట్టు కట్టాము. గుర్రం మందలో బ్రతికే జంతువు. ఒంటరిగా ఉంచితే బెంగపడుతుంది. పశువుల డాక్టరు వచ్చి నెత్తురు పరీక్షకు తీసుకుపోయాడు, ధనుర్వాతానికి సూది వేశాడు. మేత కూడా ఒక్కసారి మార్చలేదు. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు. కడుపులో చెడితే శూల పుట్టి ప్రాణం మీదికి వస్తుంది. గడ్డి ముఖ్యం, ఉలవ గుగ్గిళ్ళు పిడికెడుతో మొదలు.

ఇక పాఠాలు. గుర్రం కళ్ళు తలకు ఇరుపక్కల ఉంటాయి. చుట్టూ చాలామేరకు చూడగలదు గాని, నుదుటికి ఎదురుగా అతి దగ్గరనున్నదీ, తోక వెనుకనున్నదీ కనబడవు. అందుచేత భుజం వైపునుంచి, మాట్లాడుతూ పోవాలి. ఏ భాషలో అని మా పిల్లల సందేహం! ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, గుర్రమో ఉత్తరాదిది. దానికి కావలసింది గొంతులోని నిదానమే.

మొదటి వారం బ్రష్షు పట్టలేదు. జూలు మొదట, మెడ భుజాన్ని కలిసే చోట చేతితో గోకడమే. గుర్రాలు ఒకదానినొకటి పళ్ళతో గోక్కునేది అక్కడే. అక్కడ గోకితే దాని గుండె వేగం తగ్గుతుందని పరిశోధకులు కొలిచి చూచారు. మెల్లగా తల వాల్చి, కింది పెదవి వేలాడవేసింది. అప్పుడు రబ్బరు దువ్వెనతో కండ ఉన్న చోట గుండ్రంగా మాలీసు, ఆపైన వెంట్రుక వాలు వెంబడి బ్రష్షు. ముఖానికీ, ఎముక తేలిన కాళ్ళకూ మెత్తని గుడ్డ.

నడిపించడంలో కిటుకంతా పగ్గం వదలడంలో ఉన్నది. కొద్దిగా లాగి పట్టాలి. ఒక్క అడుగు వేసిందా, ఆ క్షణమే సడలించాలి. లాగుడు కాదు, ఆ సడలింపే దానికి పాఠం. అట్లాగే ఆగడం, వెనక్కు జరగడం, పక్కకు తప్పుకోవడం. కుడివైపు నేర్చినది ఎడమవైపు అంత తేలికగా రాకపోవచ్చు, అటువైపు కూడా మళ్ళీ చెప్పాలి. పొడవు పగ్గంతో వలయంగా తిప్పడం మాత్రం కొద్ది నిమిషాలకు మించి చేయలేదు. లేత కీళ్ళు.

వెనుక కాలికి చిన్నాయన వెదురుకర్ర కొనకు పాత పంచె చుట్టాడు. భుజం పక్కన నిలిచి, ఆ గుడ్డతో తొడమీదినుంచి కిందికి నిమిరేవాడు. తన్నితే గుడ్డ తీయడు, నిలబడితేనే తీస్తాడు. తన్నినప్పుడు తీస్తే తన్నడమే నేర్చుకుంటుంది. పదకొండవ నాటికి తన్నడం ఆగింది. తరువాత కర్ర పొట్టిదైంది, ఆ తరువాత చెయ్యి వచ్చింది. దీపావళికి నాలుగు రోజుల ముందు, ఉదయం మాలీసు వేళ, గిట్ట దానంతట అదే ఎత్తి చేతికిచ్చింది. మడమనుంచి ముందుకు మట్టి తీశాము, మధ్యనున్న మెత్తని త్రికోణాన్ని తాకకుండా. పెద్దనాయన అరుగుమీదనుంచే చూచి, “ముందు కాళ్ళకూ అంతే శుభ్రంగా చేయండి” అని పేపరు తిరగేశాడు. అమ్మకం మాట మళ్ళీ ఎత్తలేదు.

లాడాలు కొట్టించలేదు, ఆరేడు వారాలకొకసారి గిట్టలు చెక్కించాము. 2024 పొంగలికి జీనును వాసన చూడనిచ్చి, కాసేపు వీపున పెట్టి దించాము. ఎక్కడం నాలుగేళ్ళు నిండాకనే అని పిల్లలకు ముందే చెప్పి ఉంచాము.